చాప కింద నాన్న

తమ్ముడు ఫిలెమోనికి,

అక్క ఎసెటా ప్రేమతో రాసేది. సువా బైబిల్ కాలేజీలో నువ్వూ, నీతో చదువుకునేవాళ్ళూ దేవుని కాపుదలలో చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయబోయి కలం ఆపేశాను. అమ్మ ఉంది, నేనున్నాను, నాన్న ఉన్నారు. అంతవరకు రాయగలను. మిగతాది నిలబడి చదవకు, ఎక్కడైనా కూర్చో.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. నువ్వు పంపిన పూల గుడ్డ అమ్మకు నచ్చింది, ఇంకా కుట్టించుకోలేదు. ఆదివారం బడి పిల్లలు నువ్వు నేర్పిన పాటను ఎవరికి తోచిన రాగంలో వాళ్ళు పాడుతున్నారు. చర్చికి పైకప్పు వేశారా అని అడిగావు. వెయ్యలేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

పరీక్షలో ప్రసంగానికి "దేవుడు మార్పులేనివాడు" అనే అంశం ఇచ్చారనీ, నాన్న చెప్పే రాతిగుట్ట పోలిక వాడుకోవచ్చా అనీ అడిగావు. నాన్నను అడిగాను. "వద్దని రాయి" అన్నారు. "ఎన్ని అలలు కొట్టినా కదలని రాయిలాంటివాడని ఇన్నేళ్ళూ చెప్పాను. రాయికి నొప్పి తెలీదు కదమ్మా. వాణ్ణి ఆ మాట చెప్పొద్దను." మరేం చెప్పమంటారు అంటే, "జరిగింది రాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

రెండు నెలల కిందట ఒక శనివారం మధ్యాహ్నం నాన్న చర్చి ట్రక్కులో రేవు నుంచి సిమెంటు తెస్తున్నారు. పక్క ఊరు లోటోపూ దాటే మలుపులో వాన అందుకుంది. వెనక కప్పిన టార్పాలిన్ లేచిపోయిన చప్పుడైతే, బస్తాలు తడుస్తాయని తల తిప్పి చూశారు. మళ్ళీ ముందుకు చూసేసరికి రోడ్డు మీద మనిషి. భుజాన కావడి, రెండు వైపులా కొబ్బరికాయల బుట్టలు.

అతను సవేలియో. లోటోపూ మాతలేనా గారి చిన్నకొడుకు. నీకు గుర్తుంటాడు. ఊళ్ళ మధ్య క్రికెట్ పోటీలో నీ బంతిని సముద్రంలోకి కొట్టి, తనే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చి, "ఇంకోటి వెయ్యి అయ్యగారబ్బాయీ, ఇది తడిసిపోయింది" అన్నవాడు. నాన్న ఒళ్ళోనే ప్రాణం పోయింది.

నేను అరుగు మీద బడిపిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను. బస్సు వాళ్ళెవరో నాన్నను తెచ్చి దింపారు. చొక్కా నిండా రక్తం. ఆయనకే దెబ్బ తగిలిందనుకుని పరుగెత్తాను.

"నాది కాదు" అన్నారు.

"ఏది నాన్నా?"

"ఇదంతా. నాది కాదు."

ఆ మాట అన్న గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. అమ్మ నీళ్ళు తెచ్చి చేతులు కడగబోతే వెనక్కి లాక్కున్నారు.

సాయంత్రానికి ఊరి పెద్దలంతా మన ఇంట్లో కూర్చున్నారు. ఇఫోంగా తప్పదని అందరికీ తెలుసు. తాతయ్య చెబితే వినడమేగానీ నువ్వూ నేనూ ఎప్పుడూ కళ్ళారా చూసింది లేదు. తెల్లవారకముందే చచ్చిపోయినవాడి ఇంటి ముందుకెళ్ళి, సన్నచాపలు కప్పుకుని, తల వంచుకుని కూర్చోవాలి. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే రాళ్ళేసినా, నరికినా కిక్కురుమనకూడదు. వెళ్ళాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఎవరు కూర్చోవాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

"అయ్యగారూ, మీరు ఇంట్లో ఉండండి, మేం కూర్చుంటాం" అన్నాడు ఊరి పెద్ద ఫటోయియా. "దేవుడి సేవకుణ్ణి చాప కింద కూర్చోబెడితే మా ఊరి పరువేం కావాలి?"

"బండి తోలింది ఊరు కాదు. నేను."

"అబ్బ, వినండి మరి! వాళ్ళ పెద్దోడు ఇయోసువా సంగతి మీకు తెలీదు. ఒక్క వేటుకి పంది మెడ తెంపుతాడు. పాస్టరా, పందా అని చూస్తాడా వాడు?"

"చూడకపోతేనే న్యాయం" అన్నారు నాన్న.

అమ్మ లోపలికెళ్ళి పరుపు కింద నుంచి నానమ్మ అల్లిన చాప తీసింది. పట్టులా చేతిలో జారిపోయే ఆ చాప నా పెళ్ళికని దాచింది. నా వైపు చూసింది. ఇవ్వమన్నట్టు తలూపాను.

చీకటితోనే ఊరంతా కదిలింది. ముందు నాన్న, పక్కన అమ్మా నేనూ, వెనక పిన్నీ వాళ్ళూ, ఆ వెనక పెద్దలు. మా ముందు కట్టెలు, పొయ్యిరాళ్ళు, అరిటాకులు పెట్టుకున్నాం, మమ్మల్ని వండుకు తిన్నా సరే అని. లోపలి నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. ఎండెక్కేకొద్దీ చాప కింద గాలాడలేదు. నాన్న భుజం నా భుజానికి తగులుతూ ఉంది.

ఇంతలో వెనక నుంచి పిన్ని గుసగుసగా, "కాలు లోపలికి లాక్కోవే ఎసెటా, బయటికి కనబడుతోంది. రాయేస్తే ముందు దానికే తగులుద్ది" అంది. నాకు నవ్వొచ్చింది తమ్ముడూ. అలాంటి చోట నవ్వేమిటో! ఆ నవ్వు పూర్తి కాకముందే రాయి వచ్చి నా వీపుకు తగిలింది. తర్వాత మరొకటి.

చాప అంచు కింద నుంచి ఇయోసువా పాదాలు కనిపించాయి. కత్తి మొన నేల మీద గీరుకుంటూ మా చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏం అయ్యగారూ, నోరు లేవట్లేదేం? లేచి చెప్పండి ప్రసంగం! ఆదివారాలు గంటలు గంటలు చెబుతారుగా!"

నాన్న లేవబోయారు. అమ్మ చెయ్యి పట్టి ఆపింది. కత్తి పైకి లేచింది. కళ్ళు మూసుకున్నాను. కట్టె రెండు ముక్కలైన చప్పుడు వినిపించింది.

"చాల్లేరా, పక్కకి జరుగు" అని ఆడగొంతు. మాతలేనా గారు. ఆవిడ వచ్చి నాన్న ఎదురుగా నేల మీద కూర్చున్నారు. చాప ఎత్తలేదు. చాపతోనే మాట్లాడారు.

"అయ్యగారూ, నన్ను ఎరుగుదురా? నా మొగుడు పోయినప్పుడు మా ఊరికి పాస్టరు లేకపోతే మీరే వచ్చి ప్రార్థన చేశారు. అప్పుడు మీతో ఒక మాట చెప్పాను. తాగొచ్చి కొట్టినప్పుడల్లా వాడు చావాలని దేవుణ్ణి అడిగానని చెప్పాను. అడిగినట్టే పోయాడు. ఇక దేవుడి గుమ్మం తొక్కే ముఖం నాకు లేదన్నాను. మీరేమన్నారు?"

చాప కింద నాన్న తల ఇంకా కిందికి వంచారు.

"ఆయన నిన్న ప్రేమించి ఇవాళ మానేసే రకం కాదమ్మా, ఆయన మారడు అన్నారు. ఆ మాట పట్టుకునే బతికాను. ఇప్పుడు చెప్పండి. అది నిజమేనా, లేకపోతే ఏడుస్తున్న ఆడదాన్ని ఊరుకోబెట్టడానికి అన్నారా?"

"నిజమే" అన్నారు నాన్న.

"గట్టిగా చెప్పండి. మా పెద్దోడికి వినబడాలి."

"నిజమేనమ్మా. ఆయన మారడు. నీ కొడుకుని నిన్న పొద్దున ఎంత ప్రేమించాడో ఇప్పుడూ అంతే ప్రేమిస్తున్నాడు. అందుకే ఆయన ముందు తలెత్తాలంటే నాకు భయంగా ఉంది."

"భయపడండి. భయపడాల్సిందే" అన్నారావిడ. ఆవిడ ఊపిరి మాకు వినిపిస్తోంది. "నాకొక దేవుడు, మీకొక దేవుడు లేడు కదా. ఆ రోజు నన్ను తొయ్యనివాడు ఇవాళ మిమ్మల్ని తోసేస్తే, రేపు నన్నూ తోస్తాడు. అట్లాంటి దేవుడితో బతకడం నాకు చేతకాదు. మీ మీద జాలితో చేస్తున్నాననుకోకండి. నా కోపం ఎక్కడికీ పోలేదు."

చాప లేచింది. ఎండ ఒక్కసారిగా కళ్ళలో పడింది.

"అమ్మా!" అని అరిచాడు ఇయోసువా. "నువ్వెత్తావేమో, నేనెత్తలేదు!" అని కత్తి అక్కడే పడేసి తోటల్లోకి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. నాన్న ఇంకా నేల మీదే ఉన్నారు. మాతలేనా గారు వంగి, "మావాడి సమాధి కార్యక్రమం మీరే చెయ్యాలి" అన్నారు. ఫటోయియా పెద్దాయన నోరు తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు. వాళ్ళ ఊరి పాస్టరు గారు కూడా నివ్వెరపోయారు. నాన్న "నావల్ల కాదమ్మా, ఆ ఒక్కటీ అడక్కు" అని బతిమాలారు. "శవపెట్టె పక్కన నిలబడి ఆ మాటే చెప్పండి. చెప్పలేకపోతే అప్పుడు నాతో చెప్పింది అబద్ధమే" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

చెప్పారు తమ్ముడూ. ఎలా చెప్పారో నాకు తెలియదు. పెట్టె పక్కన నిలబడి నోరు తెరిచారు, మాట రాలేదు. జనం నేల చూపులు చూస్తున్నారు. నాకు లేచి పారిపోవాలనిపించింది. ముందు వరసలోంచి మాతలేనా గారు, "చెప్పండి అయ్యగారూ" అన్నారు.

"నావల్ల ఈ ఇంట్లో అంతా మారిపోయింది" అన్నారు నాన్న. "దేవుడు మారలేదు. ఈ అబ్బాయిని కడుపులో ఉన్నప్పుడు ఎరిగినవాడు ఇప్పుడూ ఎరుగును. ఇంతకన్నా చెప్పడానికి నాకు అర్హత లేదు." అని అక్కడే కూలబడిపోయారు. ముప్పై ఏళ్ళలో ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో అదే చిన్నది.

అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

ఇది అమ్మకు కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఆ రోజు నుంచి నా ప్రార్థన సాగడం లేదు. మారని దేవుడు మాతలేనా గారికి కావాలేమో, నాకు మాత్రం మారే దేవుడు కావాలి. ఆ శనివారం మధ్యాహ్నం దగ్గరికి తిరిగి వెళ్ళి, ఒక్క రెప్పపాటు మనసు మార్చుకుని, ఆ టార్పాలిన్ లేవకుండా పట్టుకునే దేవుడు కావాలి. మోకరించిన ప్రతిసారీ అదే అడుగుతున్నాను. అడగకూడదని తెలుసు. నువ్వు చదువుకున్నవాడివి, దీనికి జవాబు తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదనే రాయి, పుస్తకంలోంచి ఏరి పంపకు.

ఇంకొకటి దాచాను. పైన నాన్నను అడిగానని రాశాను కదా, అడిగినప్పుడు మా ఇద్దరి మధ్య ఇనుప చువ్వలున్నాయి. నాన్న జైలులో ఉన్నారు. కోర్టులో వాన సంగతి చెప్పుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు, "రోడ్డు చూడలేదు, తప్పు నాదే" అని ఒక్క ముక్కే చెప్పారు. వదిలెయ్యమని మాతలేనా గారే జడ్జిని అడిగారు. మీ క్షమాపణ మీది, చట్టం పని చట్టానిది అని ఆయన ఆరు నెలలు వేశారు. నీ పరీక్షలయ్యేదాకా ఈ ఒక్కటీ రాయొద్దని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నారు. దాచిపెట్టి ఉత్తరం ముగించలేకపోయాను. నువ్వు మాత్రం చదువు వదిలి రాకు. వస్తే ఆయన ఇంకా కుంగిపోతారు.

మొన్న భోజనం పట్టుకుని జైలుకెళ్తే గేటు దగ్గర ఇయోసువా నిలబడి ఉన్నాడు. చేతిలో కొబ్బరాకు బుట్ట, అందులో కాల్చిన చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి వండిన చేమాకు.

"అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నన్ను పొమ్మంది" అన్నాడు నా వంక చూడకుండా.

ఇన్ని వారాలూ ఆవిడే తెస్తున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్న వచ్చారు. అతన్ని చూసి చువ్వ పట్టుకున్నారు. ఇయోసువా బుట్ట లోపలికి తోసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను క్షమించలేదు" అన్నాడు గోడతో.

"తెలుసు బాబూ."

"వచ్చే వారం కూడా క్షమించను."

"సరే. వచ్చే వారం కూడా వస్తావా?"

"అమ్మ మోకాళ్ళు తగ్గేదాకా రావాలిగా" అని విసురుగా వెళ్ళిపోయాడు. నాన్న దుంప తుంచుకుని ఏడుస్తూ తిన్నారు.

ఇంటికి తిరిగి వస్తూ, ఆవిణ్ణి పలకరించి పోదామని లోటోపూ దగ్గర బస్సు దిగాను. ఎదురుగా మాతలేనా గారు, నెత్తి మీద సీమపనసకాయల మూట, ఎగుడు దారిలో చకచకా నడిచి వస్తున్నారు. నేను తెల్లబోయి, "మోకాళ్ళెలా ఉన్నాయండీ?" అన్నాను.

"ఏం బాగోలేవమ్మా" అన్నారావిడ, ముఖంలో నవ్వన్నదే లేకుండా. "తగ్గడానికి ఇంకా చాలా వారాలు పట్టేటట్టుంది."

మూట సర్దుకుని గట్టు ఎక్కి వెళ్ళిపోయారు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం రోజూ రేవు వైపు చూసే
మీ అక్క,
ఎసెటా