గౌరీశంకరం మాస్టారి కళ్ళు

రేపల్లె, సోమవారం
(1998 ఏప్రిల్)

చిరంజీవి అబ్దుల్లాకి, రేపల్లె ఫోటో స్టూడియో హనుమయ్య ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. తెనాల్లో నువ్వు కంప్యూటరు కొన్నావంట గదా. నా దగ్గర అన్నేళ్ళు ఫోటోలు దిద్దే టచింగు పని నేర్చుకుని, చివరికి టీవీ పెట్టె ముందు కూర్చున్నావని విని నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఆ పెట్టెతోనే పని పడింది. సంతోషించు.

ఈ కవర్లో బాపట్ల గౌరీశంకరం మాస్టారి ఫోటో ఉంది. నేను తీసిందే. కళ్ళు మూసుకున్నాయి. ఎందుకు మూసుకున్నాయని అడగొద్దు. మళ్ళీ తియ్యడం జరిగే పని కాదు. పోయినవాళ్ళకి మనం సన్న బ్రష్షుతో కళ్ళు తెరిపించి ఇచ్చేవాళ్ళం, గుర్తుందా? అదే పని. నేనే చేద్దును, తీరిక లేదు.

ఆదివారం సాయంత్రం బాపట్లలో అందరూ చేరుతున్నారు. పెద్ద సైజు తీయించి, ఫ్రేము కట్టించి, తిన్నగా బాపట్ల జగన్నాథరావుకి పంపు. ఏర్పాట్లన్నీ ఆయనవే.

ఇట్లు,
హనుమయ్య

తా.క.: ఈ సంగతి మా ఆవిడ మాణిక్యాంబ చెవిన పడకూడదు. జవాబు పోస్టులో వెయ్యకు. రోజూ రేపల్లె పాసింజరులో తిరిగే లాజరు చేతికే ఇవ్వు.


తెనాలి, మంగళవారం

గురువుగారికి, అబ్దుల్లా సలాములు.

కవరు విప్పి ఫోటో చూసి కుర్చీలో కూలబడ్డానండి. మాస్టారు మన కొట్టుకొస్తే నన్ను కూడా "ఏమండీ" అనేవారు. అలాంటి మనిషిని మళ్ళీ చూడం. మీరు అడగొద్దన్నారు, అడగను. అడగడానికి ఏముందండి, అందరికీ వచ్చేదే.

ఇంకొకరు పంపిన ఫోటో అయితే నాకు అనుమానం వచ్చేదేమో. "కళ్ళు మూసిన బొమ్మ నా కొట్టు గడప దాటితే, ఆ రోజే కొట్టు మూసేస్తా" అని మీరు బల్ల గుద్ది చెప్పిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది. మీరు తీశారంటే ఇంక వేరే అర్థమే లేదు.

ఫోటోషాపు అని ఒకటి నేర్చుకుంటున్నానండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, సగం అర్థమవుతుంది, సగం నొక్కి చూస్తున్నాను. కన్నుని కంచమంత చేసి చూపిస్తుంది. ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికిస్తే అతుకు కనపడదు. తప్పు చేస్తే చేసినదాన్ని వెనక్కి తీసేసుకోవచ్చు. మీ దగ్గరైతే తప్పు చేస్తే చెవే గదండీ ముందు మెలిపడేది!

మాస్టారు కళ్ళు తెరిచిన ఫోటో నా దగ్గర లేదు. ఆయనకి తగిన కళ్ళు నేనే వెతుకుతాను.

మీ శిష్యుడు,
అబ్దుల్లా

తా.క.: దండ గులాబీలదా, మల్లెలదా? ఎండలు మండిపోతున్నాయి. ఆదివారం దాకా అంటే ఐసు బాగా తెప్పించమని చెప్పండి.


రేపల్లె, బుధవారం

అబ్దుల్లాకి హనుమయ్య దీవెనలు.

మాస్టారి మీద నీకింత గౌరవం ఉందని నాకు తెలియదు. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంత దగ్గరివాడివైనా అంత బాధపడి రాయక్కర్లేదు, ఇది బాధపడే సమయం కాదు.

దండ గులాబీలదే వెయ్యి, నిండుగా. శాలువా కూడా కప్పు. ఐసు మంచి మాట చెప్పావు, జగన్నాథరావుకి కబురు పెట్టాను, పెద్ద దిమ్మలు చెప్పించాడు.

కాకుమాను నుంచి, కర్లపాలెం నుంచి పాత విద్యార్థులంతా వస్తున్నారు. మాస్టారికి కొత్త పంచె కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీ భుజాల మీద ఎత్తుకుని ఊరేగింపుగా తీసుకెళ్తారంట. ముందు బాజాలు. మాస్టారి భార్య వెంకటరమణమ్మ గారికి కన్నీళ్ళు ఆగడం లేదు. ఇంత జనం కదులుతారని ఆ తల్లి అనుకోలేదు.

బొమ్మ కింద నాలుగు మంచి మాటలు రాయించు. నాకు రాత తక్కువ, నీకు తోచిందే ఖాయం.

ఇట్లు,
హనుమయ్య

తా.క.: కన్ను కంచమంత కనపడుతుందన్నావు. నిజంగానేనా? ఊరికే అడిగాను.


తెనాలి, శుక్రవారం

గురువుగారికి, అబ్దుల్లా సలాములు.

విజయవాడలో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి బాపట్ల బస్సులో పంపేశానండి. జగన్నాథరావు గారిని ముందుగా విప్పొద్దని బతిమాలాను. అందరి ఎదుటా తెర తీస్తామన్నారు.

కూర్చోబెట్టి తీసుకెళ్ళే ఆచారం కొందరిలో ఉందని తెలుసు, మాస్టారి వాళ్ళలో కూడా ఉందని ఇప్పుడే తెలిసింది. దండ వేశాను, శాలువా కప్పాను. మీరు అడగకపోయినా వెనక మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు, చెరో పక్కా దీపం పెట్టాను. కింద మంచి మాటలు బంగారు రంగులో రాశాను.

కళ్ళు ఎవరివో మాత్రం చెప్పను. ఎన్ని ఫోటోలు తిరగేసినా అంత నిదానంగా చూసే కళ్ళు ఇంకెవరివీ దొరకలేదు.

కంచమంత కనపడడం నిజమేనండి. ఎందుకడిగారు? మీ చూపు బాగానే ఉంది గదా?

మీ శిష్యుడు,
అబ్దుల్లా

తా.క.: వెంకటరమణమ్మ గారికి ఇలాంటప్పుడు ముద్ద దిగదు. ఎవరైనా పక్కన కూర్చుని బలవంతంగానైనా తినిపించమనండి.


రేపల్లె, సోమవారం

అబ్దుల్లా,

దీవెన చివర్లో ఇస్తాను. ముందు ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి.

ఒరే, అది సన్మానంరా! మాస్టారు వేదిక మీదే కూర్చున్నారు. నిక్షేపంగా. మజ్జిగలో ఐసు ఎక్కువైందని అప్పుడే తుమ్మారు కూడా.

జగన్నాథరావు తెర లాగాడు. మబ్బులు, దీపాలు, దండ. కింద బంగారు అక్షరాలతో "వారి ఆత్మకు శాంతి కలుగుగాక." ముందు వరుసలో కూర్చుని కూడా నాకది కనపడలేదు. చప్పట్లు కొట్టాను. హాలు మొత్తానికి నేనొక్కణ్ణే కొట్టాను.

ఆలస్యంగా వచ్చిన కర్లపాలెం దానమ్మ గుమ్మంలోంచి బొమ్మ చూసి శోకాలు మొదలెట్టింది. పాపం మాస్టారే లేచి ఓదార్చడానికి వెళ్ళారు. ఆయన ఎదురుగా రావడం చూసి ఇంకా పెద్దగా అరిచింది.

మాస్టారు తిరిగొచ్చి బొమ్మ వంక చాలాసేపు చూశారు. "తొందరపడితే పడ్డావు గానీ హనుమయ్యా, ఈ కళ్ళు నావి కావే?" అన్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి మాణిక్యాంబ లేచింది. "అవి మా ఆయనవండి" అంది. "అబ్దుల్లా పని నేర్చుకునేటప్పుడు తీసిన ఫోటోలోవి. ఇప్పటివి కావు. ఇప్పుడు భూతద్దం పెట్టుకుంటే గానీ ఏమీ ఆనవు. మీరు రెప్ప వేసింది కూడా ఈయన చూసుకోలేదు. అడిగితే తీరిక లేదంటారు."

దానికి అంతా తెలుసురా. నేను దాస్తున్నానని కూడా తెలుసు.

నా కళ్ళు ఆ గోడ మీద నుంచి హాలంతా చూస్తున్నాయి. ఎదురుగా కూర్చుని నేను వాటిని చూడలేకపోయాను. ఆ మాట రాయడానికి ఈ పొద్దున ఒక కాగితం చించాను.

మాస్టారు వేదిక దిగి నా పక్కన కూర్చున్నారు. "రెప్ప పడిందని నాకు అప్పుడే తెలుసు హనుమయ్యా. నీకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను" అన్నారు. అన్ని వందల మంది పిల్లల్ని బెత్తంతో ఆడించిన మనిషి!

తప్పు నీది సగమే. గురువు ఫోటో చెడగొట్టాడనుకోవడం కన్నా ఒక మనిషి పోయాడనుకోవడం నీకు తేలికైంది. ఆ సంగతి తల్చుకుంటే తిట్టబుద్ధి కావడం లేదు. మిగతా సగం నాది. చెప్పేదేదో చెప్పి ఉంటే సరిపోయేది.

కానీ మాట మాటే. కళ్ళు మూసిన బొమ్మ గడప దాటింది. ఈ పొద్దున కొట్టు మూసేశాను, బోర్డు దించాను. మాణిక్యాంబ ఏడుస్తుందనుకున్నాను. నా బట్టలు పెట్టెలో సర్దింది.

నేను మూస్తానన్నది నా కొట్టు. నీ కొట్టు గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. బుధవారం పాసింజరుకి వస్తున్నాను. ఆ పెట్టె ముందు కుర్చీ వేసి ఉంచు. ఎక్కడ నొక్కాలో చూపించు చాలు, మొహం ఎలా దిద్దాలో నాకు చెప్పక్కర్లేదు.

ఇదిగో దీవెన.
హనుమయ్య

తా.క.: ఆ బొమ్మ తిరిగి ఇమ్మంటే మాస్టారు ఇవ్వలేదు, ఇంటికి పట్టుకెళ్ళి ముందు గదిలో తగిలించారు. కింద అక్షరాల మీద మాత్రం కాగితం అతికించారు. వేళొచ్చినప్పుడు ఎవరో ఒకరు పీకితే సరిపోతుందంట.