‘కాదో’ అని నేను రాయను సార్

మేడ్చల్,
ఫిబ్రవరి 1997

గోపాలరావు సార్‌కు నమస్తే పెట్టి రాసేది,

నేను మీ బోరు మోటారుకు తీగె చుట్టిన ఎల్లేష్‌ను. సూరారంల పిల్లను చూసొచ్చిన. పేరు వినోద, బడిల ఇంగ్లీషు చెప్తది. నాకు గూడ ఇంగ్లీషు మస్తు వస్తదని గప్పాలు కొట్టిన. ‘అయితే నాకిష్టమా అని ఇంగ్లీషుల ఉత్తరం రాసి అడగమను, అప్పుడు చెప్త’ అన్నదట మా అమ్మతోని. నెలాఖరుకు ఆమెకు కౌకూర్ నుంచి ఇంకో సంబంధం వస్తాంది. నాకైతే ఆమె తప్ప ఇంకెవరొద్దు. ‘నేనంటే ఇష్టమా అని తెలుసుకోవాలనుంది’ అని ఇంగ్లీషుల రాసేటప్పుడు నడుమ ఇఫ్ పెట్టాల్నా, వెదర్ పెట్టాల్నా? జల్దీ చెప్పుండ్రి.

మీ ఎల్లేష్

తా.క.: మోటారు చప్పుడు జేస్తాందా?

పేట్ బషీరాబాద్

చిరంజీవి ఎల్లేష్‌కు ఆశీస్సులు.

ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యాక నన్ను ఇంత మంచి ప్రశ్న అడిగినవాడివి నువ్వే. రెండూ సరైనవే. మాటల్లో ఇఫ్ చాలు, ఉత్తరంలో వెదర్ హుందాగా ఉంటుంది. చివర ‘ఆర్ నాట్’ కూడా చేర్చు. ‘ఇష్టమో కాదో’ అని వాక్యం నిండుగా ఉంటుంది. ముందు పది వాక్యాలు సాధన చేసి పంపు. తొందరపడకు.

గోపాలరావు

తా.క.: మోటారు చప్పుడు చేయడం లేదు. నీళ్లూ రావడం లేదు.

మేడ్చల్

సార్‌కు దండాలు.

పరేషాన్ జేసిండ్రు సార్. ‘కాదో’ అని నేను రాయను. ఆమెకు రాని ఆలోచన నేనెందుకు గుర్తుజేయాలె? ఆమె నవ్వినప్పటి సంది మోటార్లకు తీగె ఉల్టా చుడుతున్న, మీదిగూడ గట్లనే అయినట్టుంది. కౌకూరోళ్లది కుదిరితే నేనేం గావాలె?

ఎల్లేష్

తా.క.: పది వాక్యాలు రాసి ఈ ఉత్తరంలనే పెట్టిన. పదింట్లనూ వినోదనే ఉన్నది. దిద్దుండ్రి.

పేట్ బషీరాబాద్

ఎల్లేష్‌కు,

ఘోరం జరిగింది నాయనా. ఎర్ర ఇంకుతో దిద్దుదామని నీ ఉత్తరం బల్ల మీద పెడితే మాయమైంది. మా ఆవిడ అమ్మాజీని అడిగాను. “మీ ఇఫ్ తేలేలోపు ఆ పిల్లకి పెళ్లయిపోతుందండీ” అని, తనే సూరారం బడికి వెళ్లి వినోద చేతిలో పెట్టి వచ్చిందట. దిద్దకుండా! నేను ఇంకా తేరుకోలేదు.

గోపాలరావు

తా.క.: పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాను. అయినా నిన్నేమీ అనడం లేదు.

మేడ్చల్

సార్‌కు, అమ్మాజీ అమ్మకు వెయ్యి దండాలు.

నిన్న వినోద వాళ్ల నాయినతోని మా దుకాణంకొచ్చింది. చేతిల నా ఉత్తరం. నా పానం పోయింది. కౌకూరోళ్లను రావొద్దన్నమని వాళ్ల నాయిన చెప్పిండు. ఆమె ఒక్కటే మాటన్నది: “నువ్వు ‘కాదో’ అని రాయనన్నవు గద, నాకు గూడ ఆ మాట రాలేదు.” దుకాణంల అందరి ముంగట ఏడ్చిన సార్. సంతోషం ఆగలేదు. రేపొచ్చి మీ మోటారు సీదా చుడుత.

మీ ఎల్లేష్

తా.క.: ఇఫ్ మంచిదా, వెదర్ మంచిదా అని ఆమెనే అడిగిన. బడిల పిల్లలడిగితే ఆమె గూడ మాట మారుస్తదట. ఆదివారం సంది ఇద్దరం మీ దగ్గర చదువుకుంటం. మా లగ్గం పత్రిక ఇంగ్లీషుల మీరే రాయాలె. అండ్ల మాత్రం ఇఫ్ వద్దు, వెదర్ వద్దు. మీరు వచ్చుడే.