సంగటి నువ్వే గెలుకు

ఏమప్పా,
నేను కణేకల్‌కు మా అక్క ఇంటికి పోతాండా. రేపు పొద్దున బస్సుకు వస్తా. కోడి పులుసు చేసి పెట్టినా, వేడి చేసుకుంటే చాలు. సంగటి మాత్రం నువ్వే చేయాల. ఎట్లా చేయాలో రాస్తాండా, చెప్తే నీ చెవికి ఎక్కదు.

బియ్యం మెత్తగా ఉడికినాక రాగి పిండి పైన వెయ్యి. వేసి ఊరికే ఉండు. కట్టెతో మధ్యలో గుంత చేసి, గ్యాసు మంట తగ్గించి మూత పెట్టు. పిండి ఉడికిన వాసన వచ్చినాకే గెలుకు. నిన్న నేను చేన్లోనుంచి వచ్చేలోపల, పిండి పడీపడకనే గెలికినావు. ముద్ద విరిస్తే లోపల పచ్చి పిండి రాలింది. అది నోట్లో పెట్టుకున్న మీ కుళ్లాయప్ప మామ మొగం నేను చూసినా. అప్పుడన్నా నోరు మూసుకున్నావా? "గంగ చేసింది మామా, దానికి ఇంకా చేయి తిరగలేదు" అంటివి. పదకొండేండ్లుగా నీ పొట్ట పెంచిన చేయి ఇది!

అందుకే పొద్దున మామ ఇంటికి పోయి, ఈ రాత్రికి మళ్లీ భోజనానికి రమ్మని చెప్పి వచ్చినా. నేను ఊర్లో ఉండనని, గెలికేది నువ్వేనని కూడా చెప్పినా. అత్తను కూడా తోడుకొని వస్తాడంట.

గంగాదేవి

నెయ్యి గూట్లో ఉండాది. ఆకలితో పడుకోవద్దు, నీకోసం నా చేతి ముద్ద ఒకటి చట్టిలో మూసి పెట్టినా. ఒకటే ఎందుకంటే, నాలుగు పెడితే అందరికీ వడ్డించి "నేనే చేసినా" అంటావు.