పూత చూశాకే పేరు

ఆదివారం, నవంబరు 24

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కారం పెట్టి, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చుని రాస్తున్నది. మీరూ అన్నయ్యగారూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీ తమ్ముడు మరీ బాగున్నారు, మొన్న బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకున్నారు.

పోయిన ఉత్తరంలో మీరు సూటిగా అడిగారు. నాన్నకి ఇంకా నర్సరీ పని చేతనవుతోందా, లేక నేనొచ్చి దానికి తాళం వేయించి ఆయన్ని నా దగ్గరికి తెచ్చేసుకోనా అని. జవాబుగా గోడవార పొద సంగతి రాస్తాను, మీరే తేల్చుకోండి.

మనకీ పక్కనున్న పసిపిల్లల బడికీ మధ్య గోడ ఉంది కదా, దాని వారనే మనిషెత్తున పెరిగింది. చేటంత ఆకులు, ఒక్కోటి వేళ్ళు చాపిన చెయ్యిలా. ఏ కాలంలోనూ రాలవు. ఎప్పుడో వేరే నారుతో కలిసి వచ్చిన మొక్క. ఇన్నేళ్ళూ పుయ్యలేదు కాబట్టి దానికి పేరు పలక లేదు. మామయ్యగారి పద్ధతి మీకు తెలిసిందే, పువ్వు కళ్ళారా చూస్తే తప్ప ఏ మొక్కకీ పేరు కట్టరు, పేరు కట్టనిది అమ్మరు. కొనడానికొచ్చినవాళ్ళు విసుక్కుని పోతుంటే మీ తమ్ముడు తల పట్టుకుంటారు.

పోయిన నెల బడి పంతులమ్మ వచ్చింది. అది ఆముదం మొక్కేనని, ఏ పసివాడో గింజ నోట్లో వేసుకుంటే కొంప మునుగుతుందని, ఇవాళే కొట్టించమని పట్టుపట్టింది. ఆవిడ భయంలో తప్పేముంది? నేనూ ఆముదమేననుకున్నాను. మీ తమ్ముడైతే గొడ్డలి తెచ్చేశారు కూడా.

మామయ్యగారు ఒక ఆకు తెంపి, కాడ మొదలు నుంచి బొటనవేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయారు. ఆముదపాకుకి కాడ గొడుగు కామలాగా ఆకు లోపల అతుక్కుంటుందమ్మా, దీనికి అంచుకే అతుక్కుంది, మణికట్టుకి అరచెయ్యి ఉన్నట్టు, కావాలంటే చూసుకో అని ఆవిడ చేతికిచ్చారు. మందం చూడు, తోలు ముక్కలా ఉంది, ఆముదమైతే ఇంతసేపటికి వడిలి వేళ్ళాడేదన్నారు. ఆవిడా గట్టిదే. అయితే దీని పేరేమిటో చెప్పండన్నది. పూత చూడందే చెప్పనన్నారు. కొమ్మ చివర మొగ్గ లావుగా తగులుతోంది, ఈ చలికి పూస్తుంది, ముళ్ళకాయల గెల వేసిందా నేనే దగ్గరుండి కొట్టిస్తానన్నారు. అందాకా పిల్లల్ని అటువైపు రానివ్వనని చెప్పి ఆవిడ వెళ్ళింది. మీ తమ్ముడు మాత్రం గొడ్డలి లోపల పెట్టలేదు.

మొన్న గురువారం పొద్దున మొగ్గలు విచ్చాయి. మామయ్యగారు నన్ను పక్కన నిలబెట్టుకుని, నువ్వనుకున్నది కాదు, కనిపించేదే చెప్పమన్నారు. తెల్లటి కాడలు, ఒక్కోదాని కొసన గుండ్రటి ముద్ద, ముద్దంతా చిన్న చిన్న పువ్వులే అన్నాను. రేకులెన్నన్నారు. ఐదన్నాను. కేసరాలు బయటికి పొడుచుకొచ్చాయా, ఆముదానికుండే ఎర్ర కుచ్చులేమైనా ఉన్నాయా, కింది నుంచి మళ్ళీ చూడన్నారు. కేసరాలు వచ్చాయి, ఎరుపు జాడే లేదు. తేనెటీగలు ముసురుతున్నాయంటే, ఆ మోత నాకూ వినిపిస్తోందిలే అని నవ్వారు. ఇంక పేరు నువ్వే చెప్పన్నారు. ఆయన నేర్పిన పేర్లన్నీ ఒకసారి తలుచుకుని, జపాను మొక్క ఫాట్సియా అన్నాను. అదేనన్నారు. పలక మీద పేరు నాచేతే రాయించి, తీగ మాత్రం తానే ముడివేశారు.

పంతులమ్మ మధ్యాహ్నం పిల్లలందరినీ వరసగా తీసుకొచ్చి పువ్వులు చూపించింది. తర్వాత నల్లటి కాయలు వస్తాయి, ఆముదమంత ప్రమాదం కాకపోయినా తినేవి కావు, పూత వాడగానే గుత్తులు కత్తిరించేస్తామని మామయ్యగారు ఆవిడకి మాటిచ్చారు. ఒక్క మాటైనా గొంతు పెంచకుండా ఒక చెట్టు ప్రాణం నిలబెట్టారు. ఆయన కోడలినని చెప్పుకోవడానికి నాకెంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

టీ ఏమైందని వంటింట్లోంచి మీ తమ్ముడి కేక వినిపిస్తోంది. ఉంటాను.

ఇట్లు
మీ మరదలు

తా.క.: పై ఉత్తరమంతా మామయ్యగారికి చదివి వినిపించాను. మరీ ఎత్తేశావని కసిరి, పోస్టు చెయ్యమన్నారు. ఇది మాత్రం చదివి వినిపించను. వదినా, ఆయనకి చూపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. నయమయ్యేది కాదని కంటి డాక్టరు మీ తమ్ముడితో చెప్పారు. మాకు తెలిసిందని ఆయనకి తెలియదు. గురువారం ఆయన పక్కనున్న వేరే పొదకేసి మొహం పెట్టి నిలబడితే, చెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది నేనే. మీరు రండి, ఉండగలిగినన్నాళ్ళు ఉండండి, తాళం మాట మాత్రం ఎత్తకండి. తన కళ్ళతో చూడనిదే ఏ మొక్కకీ పేరు కట్టని మనిషి, నేను చూశానంటే కట్టారు.