తొమ్మిది వేల అడుగుల ఎత్తున

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే మిషిగన్ నుంచి మా పాత చర్చి స్నేహితురాలు నవోమి ఫోన్ చేసింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అప్పుడే ఏసీ వేసుకున్నారట. టెక్సస్ ఎండలకు ఎలా తట్టుకుంటున్నావని మళ్ళీ అడిగింది. ఇది ఆ ఫ్రిస్కో కాదు, కొలరాడో ఫ్రిస్కో అని రెండేళ్ళుగా చెబుతున్నాను. తెలుగువాళ్ళకు ఒకటే ఫ్రిస్కో.

ఇక్కడ ఇవాళ ఫారన్‌హీట్‌లో అరవై ఎనిమిది డిగ్రీలు. బాల్కనీలో స్వెటర్ వేసుకుని కాఫీ తాగాను. ఎదురు కొండ మీద ఇంకా మంచు చారలున్నాయి.

ఈ కాండో ఫ్లాట్ కొన్నది మా ఆయన. ముప్ఫై ఏడేళ్ళు డెట్రాయిట్‌లో కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. నెల తిరక్కుండా నన్నొక్క మాట అడగకుండా సంతకం పెట్టి వచ్చి, సర్‌ప్రైజ్ అన్నారు. మొదటి చలికాలమంతా ఏడ్చాను. తెలుగు చర్చి లేదు, కరివేపాకు లేదు, పలకరించే మనిషి లేదు. అంతా దేవుని చిత్తం అన్నారు. మా ఇంట్లో దేవుని చిత్తం ఎప్పుడూ సుందర్ రాజ్ గారి నిర్ణయం అయ్యాకే తెలుస్తుంది.

ఇప్పుడు నాకీ ఊరు నచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. అడిగితే కదా.

జూన్ 12, గురువారం

గరాజ్ నుంచి పైకి మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయారు. రెయిలింగ్ పట్టుకుని, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించారు. ఏమైందన్నాను. గ్యాస్ అన్నారు. నిన్నటి పప్పులో నూనె ఎక్కువైందన్నారు.

జూన్ 13

ఇవాళ కూడా గ్యాసే.

జూన్ 19, గురువారం, సాయంత్రం

పార్కులో కాన్సర్ట్‌కి వెళ్ళాం. పాట మధ్యలో ఆయన పెదవులు నీలంగా కనబడ్డాయి. చల్లగాలికి అనుకున్నాను. లేవబోయి కూర్చుండిపోయారు. పక్కావిడ అంబులెన్స్ పిలిచింది.

డాక్టర్ చిన్న కుర్రది. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరిగింది, గుండె మీద భారం పడుతోంది, ఈ ఎత్తు మీ శరీరానికి పడదు అంది. మందులతో సర్దుకోదా అన్నారు ఆయన. కిందికి వెళ్ళిపోవడమే మందు అంది. చుట్టపుచూపుగా కాదు, ఉండటానికే. ఎంత తొందరగా వెళితే అంత మంచిదంది.

ఆక్సిజన్ మెషిన్ ఇచ్చి పంపారు. దాన్ని కార్లో పెడుతుంటే చినుకులు పడ్డాయి. తడిసిన పైన్ చెట్ల వాసన. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఆయన గురించి కాదు. ఇంకెన్నాళ్ళు ఈ వాసన అని.

జూన్ 21, శనివారం

నేను టీ పెడుతున్నాను. ఆయన ముందుగదిలో మా అమ్మాయి ఫెబీతో ఫోన్లో మాట్లాడుతున్నారు. టీ మరిగే లోపల అంతా తేలిపోయింది. పల్లపు ఊరు క్యారీలో అమ్మాయి ఇంటి కింది అంతస్తులో గది ఖాళీగా ఉంది. చర్చి పది నిమిషాల దూరం. అల్లుడు ఎవాన్ బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టిస్తాడట.

కప్పు అందుకుంటూ, ప్యాకింగ్ మొదలుపెట్టమన్నారు. దేవుడు దారి చూపించాడన్నారు. ఆ ఇంట్లో నా గది ఏది, నా పొద్దు ఎలా గడుస్తుంది అని ఎవరూ అనుకోలేదు. కింది గది అంటే ఇద్దరికీ అనే లెక్క కాబోలు.

జూన్ 24, మంగళవారం

మంగళవారం ఆడవాళ్ళ వాకింగ్ గ్రూప్. ఆయన్ని పడుకోబెట్టి వెళ్ళాను. ఆయనే వెళ్ళమన్నారు, నిజం చెప్పాలి.

కొండ మలుపు తిరిగాక మైదానం నిండా పూలు, ఊదా, ఎరుపు, పసుపు. గ్రెచెన్ ఒక్కొక్కదాని పేరు చెబుతూ నడిచింది. ఆవిడకు డెబ్భై దాటాయి, మొగుడు లేడు, నాకంటే ముందు నడుస్తుంది. నాకు సైకిల్ నేర్పింది ఆవిడే. అరవై ఒక్క ఏళ్ళ వయసులో సైకిల్. సరస్సు చుట్టూ తిరిగొచ్చిన రోజు ఇంటికొచ్చి ఆయనకు చెబితే, హెల్మెట్ పెట్టుకున్నావా అన్నారు. అంతే.

మిషిగన్ చర్చిలో నేను సుందర్ రాజ్ గారి భార్య, సిస్టర్ జెమీమాని. ప్రతి ఆదివారం అరవై మందికి పులిహోర. ఇక్కడ వీళ్ళకు నేను జెమ్. ఆయన పేరు కూడా సరిగా తెలియదు.

వెళ్ళిపోతున్నామని వీళ్ళకు చెప్పలేదు.

జూన్ 27, శుక్రవారం

చెప్పేశాను.

ఆయన సోఫాలో, ముక్కుకు ట్యూబు. నేను అట్టపెట్టెల ముందు టేప్ పట్టుకుని నిలబడ్డాను.

"నేను రాను."

మెషిన్ చప్పుడులో వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. వినపడిందన్నట్టు చెయ్యెత్తారు.

"ఇల్లు అమ్ముడయ్యేదాకానా?" అన్నారు.

నాకు తెలుసు ఆయన ఏం చేస్తున్నారో. ఇద్దరికీ సరిపోయే అబద్ధం ఒకటి నా చేతిలో పెట్టారు. కాదు అని నేననాలి.

"అలాగే అనుకోండి" అన్నాను.

నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఎదురు చెప్పి, ఆ మాటని కూడా సగంలో వదిలేశాను.

జూన్ 28, శనివారం

ఫెబీ ఫోన్. ఇల్లు అమ్మడానికి బ్రోకర్ ఉంటాడు, నువ్వెందుకు అంది. తర్వాత ఏడ్చింది.

"మమ్మీ, డాడీకి బ్రీత్ రావట్లేదు. నువ్వు హైకింగ్ చేస్తావా? హౌ ఈజ్ దట్ ఓకే?"

ఓకే కాదని నాకూ తెలుసు. నా ఇరవై రెండో ఏట కాకినాడ నుంచి డెట్రాయిట్ మంచులోకి చెప్పుల్తో దిగినప్పుడు, ఓకేనా అని నన్నెవరూ అడగలేదు. అది దీనికి జవాబు కాదు. ఐనా అదే గుర్తొచ్చింది.

జూలై 2, బుధవారం

డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. టన్నెల్ దాటి దిగుతున్నకొద్దీ ఆయన రంగు మారింది. డెన్వర్ వచ్చేసరికి నిటారుగా కూర్చుని, ఆకలేస్తోందన్నారు. శాండ్‌విచ్ మొత్తం తిన్నారు. మనిషి కళ్ళ ముందే బాగుపడుతుంటే సంతోషపడాలి. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు.

పార్కింగ్‌లో ప్రార్థన చేశారు. ప్రయాణం కోసం, డాక్టర్ల కోసం, ఫెబీ కుటుంబం కోసం. చివర్లో, ప్రభువా నా భార్య హృదయాన్ని మెత్తబరచు అన్నారు. నేను ఆమెన్ అన్నాను. అలవాటు.

వీల్‌చెయిర్ అబ్బాయి తోసుకెళ్ళాడు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. మెడ తిప్పితే ఆయాసమొస్తుందేమో.

జూలై 4

ఎనిమిదింటిదాకా పడుకున్నాను. మెయిన్ స్ట్రీట్‌లో పరేడ్. గ్రెచెన్ వాళ్ళతో ఐస్‌క్రీమ్ తిన్నాను. ఎండ వెచ్చగా, గాలి చల్లగా ఉంది. చాలా బాగుంది. బాగుండకూడదని రోజంతా చూశాను. ఐనా బాగుంది.

జూలై 13, ఆదివారం

రమ్మని బతిమాలతారని, ఏం చెప్పాలో రిహార్సల్ చేసి పెట్టుకున్నాను. ఇవాళ మాట్లాడారు. గొంతు ఖంగుమంటోంది. పగలు ఆక్సిజన్ అక్కర్లేదట. చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టారట, పాస్టర్ అయ్యగారు యూత్ బైబిల్ స్టడీ ఒప్పజెప్పారట. మనవడు జూడ్‌కి చెస్ నేర్పుతున్నారట. ఫెబీ చేపల పులుసు నాలాగే పెడుతుందట.

ఎప్పుడొస్తావని అడగలేదు.

జూలై 22

ఇవాళా అడగలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టావా అని కూడా అడగలేదు. రిహార్సల్ మరచిపోతున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

నవోమి ఫోన్ చేసి బోరుమంది. నీకు ఇంత జబ్బుగా ఉందని నాకెందుకు చెప్పలేదని.

నాకు అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. ఆయన అందరికీ చెప్పింది ఇది: జెమీమాకి ఊపిరితిత్తుల జబ్బు, కొండ గాలిలోనే ఉండాలని డాక్టర్లన్నారు, నేను దూరంగా ఉండి భరిస్తున్నాను. క్యారీ చర్చిలో నా పేరు మీద ఉపవాస ప్రార్థన జరిగిందట. ఇప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లోనూ పెట్టారు.

నవోమికి నిజం చెబుదామనుకున్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆగస్టు 5, మంగళవారం

వాకింగ్‌కి వెళ్ళలేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"నాకు జబ్బని చెప్పారట."

"మరేం చెప్పమంటావు?" ఆయాసం లేదు, కోపం లేదు. "నన్ను వదిలేసి అక్కడే ఉండిపోయిందని చెప్పమంటావా? నీ పరువు కోసమే కదా జెమీ."

"నా పరువా?"

ఆయన వెనక ప్లేట్ల చప్పుడు, జూడ్ నవ్వు.

"ఫెబీకి తెలుసా ఈ సంగతి?" అన్నాను.

"ఫెబీయే అలా చెప్పమంది."

తర్వాత ఆయన, అక్కడ వెదర్ ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఇక్కడ ఉక్కపోత అన్నారు.

ఆగస్టు 9, శనివారం

సరస్సు ఒడ్డున బెంచీ మీద ఒహాయో నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. ఎంత హాయిగా ఉందీ ఊరు అంది. ఇక్కడే ఉంటావా, ఒంటరిగానా, మీ ఆయనేరి అని అడిగింది.

చనిపోయారని చెప్పాను. ఊపిరితిత్తులు, అన్నాను.

ఆవిడ లేచి వచ్చి నన్ను గట్టిగా కావలించుకుంది. నాకు ఏడుపొచ్చింది. నిజం ఏడుపే. ఆవిడ వీపు నిమురుతూనే ఉంది. నేను ఆపమనలేదు.