త్రేస్య ఇంటి కొబ్బరాకులు

తమ్ముడు వర్కీకి,

మన శాఖకు ఈస్టరు ముందరి ఉపవాసాలు బుధవారం కాక సోమవారమే మొదలు కదా, ఆ విభూతి సోమవారం చర్చి పూజలో నిన్ను చూశాను. ముందు రాత్రి బాతు కూర పీకలదాకా తిన్నవాడివి, తెల్లారేసరికి ఎంత వినయం! నుదుట బూడిద పెట్టించుకుని, "ఈ ఉపవాస రోజుల్లో అణగారినవాళ్ల పక్షాన నిలబడతాం" అని మైకులో చదివావు. గొంతు కూడా వణికించావు. నాటకాల్లో చేరాల్సినవాడివి.

మొన్న శనివారం ఏం చేశావు? నిరుడు మట్టల ఆదివారం ఇచ్చిన కొబ్బరాకులను, కాల్చి బూడిద చేయడానికి అందరూ గుడికి తెచ్చిస్తున్నారు. దళిత కాలనీ నుంచి త్రేస్య కూడా తెచ్చింది. ఏడాదంతా సిలువ వెనక దాచుకున్న ఆకులవి.

"వీళ్ల ఇళ్లవి మన నుదుటికా? బయట పడెయ్యండి" అన్నావు. గుడి పెద్దమనిషివి కదా, వెంటనే గుమ్మం బయట పడేశారు.

"పోనీలెండమ్మా, పొయ్యిలో పెట్టుకుంటా" అని నాతో అంది త్రేస్య. నేను పెట్టుకోనివ్వలేదు.

గుడి సేవకుడికి జ్వరమొస్తే ఈసారి ఆకులు కాల్చింది నేనే. మీ అందరి ఆకులూ మా గొడ్ల సావిట్లో పడున్నాయి. నువ్వు సాయంత్రం దాకా చెరగనివ్వకుండా, బజారంతా చూపిస్తూ తిరిగింది త్రేస్య ఇంటి బూడిద.

అక్క