ఉప్పు కాగితం అక్షరాల పంపకం

బీహారు రాష్ట్రం, సింగ్‌భూమ్ జిల్లా, జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉంటున్న, రైల్వే ఫిట్టర్ కీర్తిశేషులు సీతారామరావు గారి భార్య కస్తూరమ్మ, వయసు అరవై రెండు, స్వహస్తంతో రాసిన వీలునామా. మొరాయిస్తున్నవి నా కాళ్లు మాత్రమే, బుర్ర నిక్షేపంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. ఇదివరకటి వీలునామాలో సర్వం నా చెల్లెలి కూతురు పద్మకుమారికి పెట్టాను. దాన్ని రద్దు చేస్తున్నాను.

1. కారణం రాయకపోతే నాకు మతి పోయిందంటారు. పంతొమ్మిదేళ్లు మా పేట తెలుగు సంఘం గదిలో మాంటిస్సోరి పద్ధతిలో పసిపిల్లలకు చదువు చెప్పాను. పద్మకుమారిని నాలుగో ఏటి నుంచి పెంచి, పని నేర్పాను. ఏ వయసుకు ఏ పుస్తకం పైకి చదివి వినిపించాలో, ఎక్కడ ఆగి బొమ్మ చూపించాలో ఇరవై పుస్తకాల జాబితా రాసుకున్నాను. నిరుడు అది సంఘం సంచికలో పద్మకుమారి పేరుతో అచ్చయింది. అందులో పదకొండోది ‘టాటానగర్ మేకపిల్ల’. అలాంటి పుస్తకమే లేదు. తెలుగు పుస్తకాలు దొరకని రోజుల్లో ఖాళీ నోటుబుక్కుకు అట్ట వేసి, చదువుతున్నట్టు పేజీలు తిప్పుతూ కల్పించి చెప్పేదాన్ని. ఇన్నేళ్లు నా పక్కనే ఉండి ఆ పిల్ల ఒక్కసారైనా దాన్ని తెరవలేదు. పాపం, తల్లులు దానికోసం సాక్చి దుకాణాలన్నీ తిరిగారు.

ఆ జాబితా చూసే సంఘంవారు ఆమెను హెడ్మిస్ట్రెస్‌ను చేశారు. నేను గుమ్మంలో ఉండగానే ఆమె వారితో అన్నది ఇది: “మా పెద్దమ్మకి సదువు సెప్పడం రాదండి. పిల్లల్ని ఆడించి పంపేత్తది.” చాపలు పోయి బెంచీలు వచ్చాయి, బెత్తమూ వచ్చింది.

2. నా రెండు గదుల ఇల్లు తమ్ముడు తవిటయ్యకు. ముందు గదిలో ఎప్పుడూ చాపలు పరిచి ఉండాలి, సాయంత్రం తలుపు తీసి ఉండాలి. వాడు బద్ధకస్తుడే గానీ మాట తప్పడు.

3. పుస్తకాలన్నీ, అక్షరాల పెట్టె, ఆ ఖాళీ నోటుబుక్కు చిలకమ్మకు. బడి ఊడ్చడానికి వచ్చి, రోజూ అక్షరాల దుమ్ము తుడుస్తూ వేలితోనే చదువు నేర్చుకున్న మనిషి. రోజూ సాయంత్రం ముందు గదిలో పిల్లలకు చదివి వినిపించాలి. వాళ్లు హిందీలో అడిగినా తెలుగులోనే చదవాలి. నోటుబుక్కు చదివేటప్పుడు పేజీ తిప్పడం మరవకూడదు.

4. ఎర్ర బుల్లి కుర్చీ కూరలమ్మే దాలమ్మ మనవరాలికి. రెండేళ్లుగా ఆ పిల్ల దానిమీద ఇంకెవరినీ కూర్చోనివ్వడం లేదు.

5. గరుకు కాగితాన్ని మనవాళ్లు ఉప్పు కాగితం అంటారు. దాన్ని అక్షరాలుగా కత్తిరించి, వేలితో దిద్దడానికి చెక్కల మీద అంటించాను. బడి పెట్టిన మొదటిరోజు నాలుగేళ్ల పద్మకుమారి ‘అ’ మీద వేలు పెట్టలేదు, నాలుక పెట్టింది. ఉప్పు లేదని ఏడ్చింది. చెంగుతో నాలుక తుడిచి, ఎత్తుకుని నవ్వాను. ఆ ‘అ’ పెట్టెలోంచి తీసి విడిగా ఉంచాను. చిలకమ్మ కొత్తది చేసుకోవాలి. పాతది పద్మకుమారికి ఇవ్వాలి, మరేమీ ఇవ్వకూడదు. నా ఉప్పు తిని ద్రోహం చేసిందని ఆమెను ఎవరూ అనకూడదు. ఉప్పు లేదని ఆమె మొదటిరోజే చెప్పింది.

ఈ వీలునామాను సిద్ధగోరాలో ఉంటున్న, మావారి స్నేహితులు సూర్యం గారు అమలు జరపాలి.

14 ఆగస్టు 1983
(సంతకం) కస్తూరమ్మ

సాక్షులు: ముసలయ్య, రైల్వే గార్డు
జోగమ్మ, పొరుగింటావిడ